పాయింట్లు పీకేసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. 1966 ఎంజీబీ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు, వైర్ వీల్స్. బావుందిరా. టాపు లేని కారు ఆ వానల దేశంలో ఎందుకని మీ అత్తయ్య అడిగింది. నేనేం చెప్పను!

పాయింట్లు తీసేసి వాటి బదులు పెట్టే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు కొనేశానని, శనివారం బిగించేస్తానని రాశావు. బిగించు, వద్దనను. కానీ ముందు బండిని పాత సీబీ పాయింట్లతోనే, అంటే కాయిల్ కరెంటుని తెంచుతూ ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే ఆ చిన్న స్విచ్చుతోనే, సరిగ్గా నడిపించు. ఆ తర్వాతే కిట్టు. ఐడిల్‌లో బాగానే ఉండి యాక్సిలరేటర్ నొక్కగానే దగ్గుతోందన్నావు కదా, అది పాయింట్ల జబ్బు కాకపోవచ్చని నా అనుమానం.

నీ ఇంజినూ మన పాత అంబాసిడర్ ఇంజినూ అన్నదమ్ములు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బి సిరీసే. అంబాసిడర్‌ది 1489 సీసీ, నీది 1798. అంచేత ఆటోనగర్‌లో నేను పడ్డ తిప్పలు నీకు పనికొస్తాయి. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడు. లోపల పాయింట్లు కూర్చునే ప్లేటుని బాడీకి కలుపుతూ గుడ్డ తొడుగున్న చిన్న ఎర్త్ వైరు ఒకటి ఉంటుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో నిప్పురవ్వను కాస్త ముందుగా పడేలా చేసే ఏర్పాటు) లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, ఆ వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగీ వంగీ లోపలి రాగి పోగులు తెగిపోతాయి, పైన గుడ్డ మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఐడిల్‌లో ప్లేటు కదలదు కాబట్టి బండి బుద్ధిగా ఉంటుంది, నొక్కితే దగ్గుతుంది. మీటరు పెట్టి ప్లేటుని వేలితో అటూ ఇటూ కదుపు. రీడింగు ఎగిరిపడితే దొంగ దొరికినట్టే. చాలా కిట్లకి ఎర్త్ ఆ ప్లేటు మీదుగానే వెళ్తుంది. అంటే ఈ వైరు మార్చకుండా కిట్టు పెడితే అదే దగ్గు, డబ్బు దండగ. చేతిలో పనే కదా, డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుని కూడా పట్టుకుని పక్కకి ఊపి చూడు. లొడలొడలాడుతుంటే బుష్షులు అరిగినట్టు.

తర్వాత బ్యాటరీలు. నీ బండిలో సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉండాలి. వాటిలో ఏ కొస బాడీకి బిగించారో నీ కళ్లతో చూసుకో. ఎంజీబీలు 1967 చివరిదాకా పాజిటివ్ ఎర్త్‌తోనే, అంటే ప్లస్ కొస బాడీకి కలిపి, వచ్చాయి. అయితే ఇన్నేళ్లలో ఎవరో ఒకరు తిరగేసి ఉండొచ్చు, కాబట్టి పుస్తకాన్ని నమ్మకు. పాజిటివ్ ఎర్త్‌కి కిట్టు వేరు, నెగటివ్‌కి వేరు. తప్పు కిట్టు పెట్టి కీ తిప్పావో, కిట్టులోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ చచ్చిపోతుంది, పొగ కూడా రాదు. ప్లగ్గులకి కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించేది కాయిల్. పాత లూకాస్ కంపెనీ కాయిల్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటాయి. మొదటిది స్విచ్చు వైపు, రెండోది పాయింట్ల వైపు. ప్లస్, మైనస్ ఉన్న కాయిలైతే, పాజిటివ్ ఎర్త్ బండిలో డిస్ట్రిబ్యూటర్ వైరు ప్లస్‌కి పోవాలి. తికమకగా ఉంటుంది, కాగితం మీద గీసుకో. కాయిల్ వైర్లు ఊడదీసి ప్రైమరీ, అంటే ఆ రెండు కొసల మధ్య నిరోధం, కూడా కొలువు. దాదాపు మూడు ఓములుండాలి. బాగా తక్కువ ఉంటే మాడ్యూల్ వేడెక్కుతుంది.

ఇగ్నిషన్ స్విచ్చు నుంచి కాయిల్‌కి వచ్చేది తెల్ల వైరు, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయేది తెలుపు మీద నల్లచార. పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, బ్యాటరీ లైవ్ కొసకీ కాయిల్ స్విచ్చు వైపుకీ మధ్య వోల్టేజి చూడు. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో బుల్లెట్ కనెక్టర్ (వైర్లని కలిపే చిన్న జాయింటు) తుప్పు పట్టింది. ఒక్కొక్కటే ఊడదీసి గరుకు కాగితంతో రుద్దు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే మన అలవాటు ఇక్కడ వద్దు. వైరు కొసలకి తొడిగే లగ్గులు సరైన ప్లయరుతో నొక్కు.

ఈ పరీక్ష కిట్టు పెట్టకముందే చెయ్యాలి. నేను ఒకసారి కిట్టు పెట్టాక చేశాను. కీ ఆన్‌లో ఉండగానే మీ అత్తయ్య టీకి పిలిచింది, పది నిమిషాలు కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి కాయిల్ ముట్టుకోలేనంత వేడి, మాడ్యూల్ పోయింది. అప్పటి నుంచి ఇంజిన్ ఆగితే తాళం నా జేబులోనే.

కిట్టు పెట్టే పని అరగంటే. బ్యాటరీ తీసెయ్, పాయింట్లూ కండెన్సరూ తీసెయ్, మాగ్నెట్ రింగుని కామ్ (పాయింట్లని తెరిచే షాఫ్టు భాగం) మీద అడుగుదాకా నొక్కు, మిగతాది కాగితంలో ఉన్నట్టే. వైర్లు రోటర్‌కి తగలకూడదు, అలాగని బిగదీయనూ కూడదు, ప్లేటు కదలాలిగా. ప్లగ్ వైర్లు ఉత్త రాగివైతే కార్బన్ కోర్ వాటికి మారు. లేకపోతే ఆ అలజడికి మాడ్యూల్ తిక్కతిక్కగా చేస్తుంది.

ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు గంతులేస్తే కంగారుపడకు. నీ బండిలో అది కాయిల్‌కి పోయే కరెంటును చూసి లెక్క కడుతుంది. తెల్ల వైరు దాని వెనక లూపు గుండా వెళ్తుంది, ఆ లూపుని తప్పించకు.

టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) మళ్లీ పెట్టాల్సిందే, పాయింట్ల టైమింగ్ దీనికి సరిపోదు. గుర్తులు పుల్లీ కిందివైపు ఉంటాయి, పడుకుని చూడాలి. ముందే కాస్త తెల్ల పెయింటు పూసుకో. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది.

తీసిన పాయింట్లు, కండెన్సర్, ఆ బుల్లి స్క్రూలు పారెయ్యకు. సందు కొలిచే ఫీలర్ గేజితో కలిపి డబ్బాలో పెట్టి డిక్కీలో పడెయ్. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, డబ్బా మూత మీద రాసిపెట్టు. ప్లేటు వైరు సంగతి ఏమైందో శనివారం రాత్రి ఫోన్ చేసి చెప్పు, మరీ ఆలస్యం చెయ్యకు, మీ అత్తయ్య తొమ్మిదింటికే లైటు ఆర్పేస్తుంది.

మామయ్య