ఈవీ కార్ల అమ్మకాలు ఒక నెల పడితే కొనడం ఆపాలా? నల్గొండ నుంచి నా అనుభవం

మీరు అడిగినవి రెండు సంగతులు. ఎలక్ట్రిక్ కార్ల (ఈవీల) అమ్మకాలు ఒక నెల పెరిగి ఇంకో నెల పడుతున్నాయి, జోరు తగ్గినట్టేనా అని ఒకటి. దేవరకొండలో ఉండే మీరు ఇప్పుడే ఈవీ తీసుకోవాలా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు, పెట్రోల్‌తోనూ నడుస్తుంది) వచ్చేదాకా ఆగాలా అని రెండోది. నేను నల్గొండలో ఉంటాను, రోజూ నకిరేకల్‌కు ఉద్యోగానికి పోయొస్తాను. ఈవీ కొని ఏడాది దాటింది. కొనేముందు మీలాగే ఈ అంకెలు చూసి ఊగిసలాడాను. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి వారంలో అంకెలు రాగానే ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం అలవాటైంది.

ముందు నా కారు సంగతే చెప్తాను, లెక్క ఎలా తిరుగుతుందో అర్థమవుతుంది. 2024 నవంబర్ 18 నుంచి మన రాష్ట్రంలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ అయ్యాయి. డిసెంబర్‌లోనే బుక్ చేశాను. బండి షోరూముకు వచ్చేసింది కూడా. కానీ అమ్మ ఒప్పుకోలేదు. పుష్యమాసంలో బండి ఇంటికి తేవద్దు, మాఘం రానీ అంది. చివరికి వసంత పంచమికి తెచ్చుకున్నాం. అంటే ఫ్యాక్టరీ నుంచి డీలరుకు పంపిన లెక్కలో నా కారు డిసెంబర్‌ది. రిజిస్ట్రేషన్ లెక్కలో ఫిబ్రవరిది. ఇక దేశంలో బండ్ల రిజిస్ట్రేషన్లు చూపించే కేంద్రం వెబ్‌సైటు వాహన్ డ్యాష్‌బోర్డులో అసలు లేనే లేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి తెలంగాణ రిజిస్ట్రేషన్లు అందులో కలవలేదు, నేను కొన్ననాడూ అంతే. ఒకటే కారు, మూడు లెక్కలు.

తయారీదారుల సంఘం సియామ్ చెప్పేది డీలర్లకు పంపిన బండ్ల సంఖ్య. డీలర్ల సంఘం ఫాడా చెప్పేది రిజిస్టరైన బండ్ల సంఖ్య. వార్తలో ఏది వేశారో చూడకుండా పోయిన నెలతో పోలిస్తే తప్పు చదువుతాం. జనం నిజంగా కొన్నారా లేదా తెలియాలంటే రిజిస్ట్రేషన్ లెక్కే చూడండి.

నెలకూ నెలకూ పోలిక మన దేశంలో అసలు పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఆషాఢంలో కొనరు, మహాలయ పక్షాల్లో కొనరు, మూఢం ఉంటే కొనరు. దసరాకు, ధనత్రయోదశికి ఎగబడతారు. అందుకని పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలంటారు, అది కొంత మేలు. కానీ పండుగలు తిథిని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి కదా. 2025లో దసరా అక్టోబర్ 2న, దీపావళి అక్టోబర్ 20న, రెండూ ఒకే నెలలో పడ్డాయి. 2026లో దీపావళి నవంబర్ 8న. కాబట్టి 2026 అక్టోబర్ అంకె తగ్గి కనబడితే కంగారు పడొద్దు. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం కూడా ఉంది. ఆ రెండు నెలల అంకెలనూ నేను విడివిడిగా చూడను. మూడు నెలలు కూడి సగటు తీసి చూస్తాను.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది 2025 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జరిగిన వ్యవహారం. జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టు 15న ప్రధాని చెప్పగానే పెట్రోల్ కారు కొనాలనుకున్నవాళ్లంతా ఆగిపోయారు. ఈవీకి 2019 ఆగస్టు నుంచే 5 శాతం జీఎస్టీ, అది మారేది లేదు కాబట్టి ఈవీ కొనేవాళ్లు ఆగాల్సిన పని లేకపోయింది. దాంతో మొత్తం కార్లలో ఈవీల వాటా ఐదు శాతం దాకా పోయింది. సెప్టెంబర్ 22న, అంటే పెత్రమాస మరునాడే, చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగింది. ఆగిన జనమంతా ఒక్కసారి షోరూముల మీద పడ్డారు. అక్టోబర్‌లో దేశంలో కార్ల రిజిస్ట్రేషన్లు ఐదున్నర లక్షలు దాటాయి. ఈవీ వాటా మూడు శాతం చిల్లరకు పడిపోయింది. ఈవీ పనైపోయిందని అప్పుడు చాలామంది రాశారు, నాకు బాధేసింది. నా నోటుబుక్కులో చూస్తే ఈవీల సంఖ్య పడనే లేదు, పెట్రోల్ కార్ల సంఖ్య ఉబ్బింది. వాటా ఒక్కటే చూస్తే ఇట్లాగే మోసపోతాం. 2024 మొత్తంలో దేశంలో ఎలక్ట్రిక్ కార్లు లక్షకు కాస్త అటూఇటూ పోయాయి, నెలకు ఎనిమిది వేల పైచిలుకు. 2025లో లక్షా 70 వేలు దాటాయి. జోరు తగ్గిందని ఈ అంకె చూసి ఎవరనగలరు?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోసం మాత్రం ఆగకండి. చైనాలో 2024 జూలైలో కొత్త కార్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్ లాంటి కొత్త ఇంధనాల కార్లే అన్న వార్త మీరూ చూసుంటారు. ఆ లెక్కలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కూడా కలిసి ఉంటాయి. మన దగ్గర అవి ఖరీదైన లగ్జరీ కార్లలో ఒకటీ అరా తప్ప లేవు. ఇక్కడ హైబ్రిడ్ అని అమ్ముతున్న హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటివాటికి ప్లగ్గే ఉండదు, పెట్రోల్ పోయాల్సిందే. పెద్ద హైబ్రిడ్ల మీద జీఎస్టీ 40 శాతం, ఈవీ మీద 5 శాతమే. ఈ తేడా ఉన్నన్నాళ్లు మనలాంటివాళ్లకు అందే ధరలో అవి వస్తాయని నేను అనుకోను.

మీరు చూడాల్సిన తేదీ వేరే ఉంది. రోడ్ ట్యాక్స్ మాఫీ 2026 డిసెంబర్ 31 వరకే. మాఫీ లేకపోతే మన దగ్గర కారు ధరను బట్టి లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్, పడుతుంది. 14 లక్షల బండి మీద రెండు లక్షలకు పైనే మిగులుతాయి.

రోజువారీ ఖర్చు కూడా చెప్తాను. రానూపోనూ 50 కిలోమీటర్ల లోపు, నెలకు 1,200 అనుకోండి. కారు రాకముందు ఇంట్లో 180 యూనిట్లు కాలేది, ఇప్పుడు 370 దాకా. ఇక్కడ ఒక మెలిక ఉంది. 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. ముందు 180 యూనిట్లకు కరెంటు ఛార్జీ 724 రూపాయలు పడేది. ఇప్పుడు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, తర్వాతి వంద 7.70 చొప్పున, మిగతా 70 యూనిట్లు 9 రూపాయల చొప్పున, మొత్తం 2,420. తేడా దాదాపు 1,700. ఇదే పాత పెట్రోల్ కారైతే 80 లీటర్లు, ఎనిమిదిన్నర వేలు. బయట ఫాస్ట్ ఛార్జర్‌లో మాత్రం యూనిట్‌కు 20 రూపాయలకు పైనే, అక్కడ ఇంత మిగలదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నా బ్యాటరీ 45 యూనిట్లది. చలికాలంలో 290 కిలోమీటర్లు వస్తే, మన మే నెల ఎండలో ఏసీ వేసుకుని పోతే 250కి మించలేదు. ఈ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తుంటే పంతంగి టోల్‌ దగ్గర ఎప్పటిలాగే బారులు. చౌటుప్పల్ దగ్గర ఒక హోటల్లో ఛార్జింగ్‌కు ఆగితే రెండు గన్నుల్లో ఒకటి పనిచేయలేదు, ముందు మూడు కార్లున్నాయి. పిల్లలతో గంటన్నర అక్కడే కూర్చున్నాం. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను. హైవే మీదే అట్లా ఉంటే, మీరు హైదరాబాద్‌కు కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పోయేవాళ్లు. ఆ దారిలో ఛార్జర్లు ఎక్కడున్నాయో యాప్‌లో చూసి వదిలేయకుండా, ఒకసారి బండి ఆపి, అవి నడుస్తున్నాయో లేదో కళ్లారా చూసుకోండి.

ఇంకొకటి, ఇది షోరూములో ఎవరూ గట్టిగా చెప్పరు. మొదటి ఎండాకాలంలో రాత్రిపూట ఛార్జింగ్ పెడితే గంటకే ఆగిపోయి ఎర్ర లైటు వెలిగేది. కారులో లోపమనుకుని రెండుసార్లు తీసుకుపోయాను. చివరికి మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ గుంత మూత తీసి చూస్తే లోపల మట్టి ఎండిపోయి పగుళ్లిచ్చి ఉంది. కొత్త గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, రాడ్డు దించి, నీళ్లు పోశాడు. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి ఆగలేదు. ఎండాకాలంలో వారానికోసారి అందులో రెండు బిందెల నీళ్లు పోస్తాం. కారు బుక్ చేసేముందే మీ ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి, మీటర్ లోడ్ 5 కిలోవాట్లకు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. కిరాయి ఇంట్లో ఉంటే ఓనరుతో ముందే మాట్లాడుకోండి.