చార్మినార్ దగ్గర ఆటో దిగకు

అమ్మాయీ,

ఆశీస్సులు. వచ్చే ఆదివారం చార్మినార్ చూడబోతున్నానని రాశావు. ముందుగా ఒక మాట: తిన్నగా వెళ్లి చార్మినార్ దగ్గర ఆటో దిగకు. మీ పెద్దమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నేను ఆ తప్పే చేశాను. లాడ్ బజార్ గాజుల దుకాణాల్లోనే పొద్దుగూకింది, చార్మినార్‌కు దారితీసే పత్తర్‌గట్టి వీధి చూడనే లేదు.

ఉదయం ఏడింటికల్లా నయాపూల్ వంతెన మీద నిలబడు. పడమరకు తిరిగితే కుడిచేతి వైపు ఉస్మానియా ఆసుపత్రి, ఎడమచేతి వైపు హైకోర్టు కనిపిస్తాయి. రెండింటికీ రూపమిచ్చింది విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడు. కింద మురికిగా పారుతున్న మూసీని చూసి ముక్కు మూసుకోకు. 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచింది ఈ నదే. ఆ దెబ్బ తిన్నాకే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నువ్వు నడవబోయే పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించినదే.

మదీనా చౌరస్తా దాటాక ఎడమ వైపు వరండాలోకి ఎక్కు. నెత్తిమీది మేడ ఎలాగూ కనిపించదు కాబట్టి, చూడవలసింది ఎదుటి వరస. పొద్దుటి ఎండ దానిమీదే పడుతుంది. దుకాణాలు తెరవకముందే వెళ్లమన్నదీ అందుకే. బోర్డులనూ కరెంటు తీగలనూ వదిలేసి పై అంతస్తులు చూడు: చెక్కిన గ్రానైటు, వరసగా కమానులు, ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలు. ఒక స్తంభం దగ్గర ఆగి రాయి మీద చెయ్యి వేసి చూడు. ఎండా వానా తగలకుండా జనం నడవడానికి కట్టిన వరండాలివి. ఇప్పుడు మనుషులకన్నా సరుకుకే చోటెక్కువ, అది వేరే సంగతి.

మచిలీ కమాను కిందికి రాగానే మూడు వందల ఏళ్లు వెనక్కి వెళతావు. అక్కడిదాకా ఏడో నిజాం కాలం, అక్కడి నుంచి కులీ కుతుబ్‌షా కాలం. నున్నటి రాతిపని పోయి సున్నపు గచ్చుపని కనిపిస్తుంది. ఆ తేడాను నీ కళ్లతో నువ్వే పట్టుకోవాలి, గైడు చెబితే మజా ఉండదు. గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమానులు. రోజూ బండి మీద తిరిగేవాళ్లలో చాలామంది వాటిని లెక్కపెట్టి ఉండరు. ఫోటో తీసుకుంటూ మాత్రం రోడ్డు దాటకు.

అక్కడి నుంచి దక్షిణపు కమానులోంచి చార్మినార్‌ను చూడు. 1591 నాటి కట్టడం. దాని మీది గడియారాలు మాత్రం 1889లో వచ్చాయి. పైకి ఎక్కనిస్తే ఎక్కు. మెట్లు ఇరుకు, చుట్లు చుట్లుగా ఉంటాయి. నా మోకాళ్లకు అవి ఇక కుదరవు.

లాడ్ బజార్ విషయంలో నా సలహా పనికిరాదు. బేరం సంగతులు మీ పెద్దమ్మను అడుగు, ఫోను పక్కనే కూర్చుని ఉంది.

ఇట్లు
మీ పెదనాన్న