గేటు దాటి లోపలికి రాని శ్రోతలు

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండలో పీజీ చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్ వాళ్లు నెలనెలా ఒక బహిరంగ ఉపన్యాసం పెడుతున్నారు. ‘అందరూ ఆహ్వానితులే’ అని ఫ్లెక్సీ కడతాం. వచ్చేది మాత్రం అటెండెన్స్ కోసం కూర్చోబెట్టిన మా జూనియర్లే. వచ్చే నెల ఏర్పాట్లు నాకు అప్పగించారు. బయటివాళ్లు ఒక్కరూ రాకపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది. ఊళ్లోవాళ్లకు ఇలాంటివి ఇష్టం ఉండవా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఉంటుందమ్మా. ఆ సంగతి నాకు ఒక సీసా వల్ల తెలిసింది.

నేను డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా చేస్తున్న రోజుల్లో, ఇంటింటికీ కృష్ణా నీళ్లు రాకముందు, తాగేనీళ్లలో ఎక్కువైతే ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ మీద ఒక డాక్టరుగారి ఉపన్యాసం పెట్టించాను. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. జ్యోతి వెలిగించడం, పరిచయాలు, శాలువాలు... ముప్పావుగంట వాటికే పోయింది. డాక్టరుగారికి మిగిలింది ఇరవై నిమిషాలు.

వెనక వరుసలో మర్రిగూడ మండలం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నడుం నిటారుగా పెట్టలేక గోడకు చేరగిలబడ్డాడు. చేతిలో పాత కూల్‌డ్రింక్ సీసా, అందులో వాళ్ల బోరు నీళ్లు. రెండుసార్లు చెయ్యెత్తాడు. నేను చూశాను. టైమ్ అయిపోయింది, ప్రశ్నలు వద్దని మైకులో చెప్పింది కూడా నేనే. జనగణమన అయ్యాక చూస్తే ఆయన లేడు. సీసా కిటికీ గూట్లో ఉంది.

మర్నాడు ఆ నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించాను. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో దానికి రెండింతల పైనే ఉంది. ఆ మాట ఎవరికి చెప్పను? కనీసం ఆయన పేరు కూడా అడగలేదు.

ఆ తర్వాతి నెల అదే డాక్టరుగారిని బతిమాలి ఆ మండలంలోని ఒక ఊరికి తీసుకెళ్లాం. బడి వరండాలో, జనం పాలు పోసి ఇళ్లకు చేరాక, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టాం. స్టేజీ లేదు. ఎవరింటి నీళ్లు వాళ్లు చెంబులో తెమ్మని ముందురోజే కబురు పెట్టాం. మా కెమిస్ట్రీ పిల్లలు చిన్న గాజు గొట్టాల్లో ఆ నీళ్లు పోసి, కిట్‌లోని గులాబీరంగు మందు చుక్కలు వేశారు. ఫ్లోరైడ్ తక్కువుంటే గులాబీ రంగు అలాగే నిలుస్తుంది, ఎక్కువైతే పసుపులోకి తిరుగుతుంది. తన నీళ్లు కళ్లముందే పసుపు రంగుకు వస్తుంటే, ఒకావిడ గొట్టం మీంచి చూపు తిప్పకుండానే ‘మా పిల్లోడి పళ్లు గారపట్టింది ఇందుకేనా?’ అనడిగింది. అక్కణ్నుంచి గంటన్నరసేపు డాక్టరుగారు జవాబులే చెప్పారు. ఉపన్యాసమంటూ విడిగా ఇవ్వనే లేదు. ఆ పెద్దాయన కోసం ఎంత వెతికినా కనపడలేదు.

1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. అప్పుడు అక్కడ వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. గొప్పవాళ్లను పిలవడం మనకు ఎప్పటినుంచో వచ్చు. వినేవాళ్లను పిలవడమే ఇంకా సరిగా రాలేదు.

ముందు టైమ్ సంగతి చూడు. మీ ఉపన్యాసాలు పని రోజున పదకొండింటికే కదా పెడుతున్నారు? కూలికి వెళ్లేవాళ్లు, కొట్టు నడిపేవాళ్లు, ఆశా కార్యకర్తలు ఆ వేళకి ఎలా వస్తారు? ఆదివారం సాయంత్రం పెట్టు, ఆఖరి బస్సుకు అరగంట ముందే ముగించు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనతో నువ్వే వెళ్లి మాట్లాడు. ‘ఎవరు కావాలి? ఐడీ ఏది?’ అన్న ఒక్క మాటకు వెనక్కి తిరిగిపోయినవాళ్లను నేను చూశాను. ఆ రోజుకు ఇద్దరు విద్యార్థులు గేటు దగ్గరే నిలబడి, వచ్చినవాళ్లను హాలుదాకా వెంటబెట్టుకుని రావాలి.

విషయం కూడా ఊరినుంచే తీసుకో. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని చరిత్ర చెబితే జనం ఆవులిస్తారు. అదే ‘మీ దరఖాస్తు ఇక్కడే రాసుకుని వెళ్లండి’ అంటే వస్తారు. గ్రామస్థాయి ఆఫీసులో అడగడానికి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి. మాట్లాడేవాళ్లు ఇది ఇరవై నిమిషాల్లో, తెలుగులో చెప్పేస్తారు. మిగతా గంట కాగితాలు పంచి, ప్రతి పదిమంది దగ్గరా ఒక విద్యార్థిని కూర్చోబెట్టి రాయించు. మీ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి కదా, ఆ గంటలు ఇక్కడ పనికొస్తాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. మీ హాల్లో లేచిన ప్రశ్నను ఆ ఊరి సభదాకా తీసుకెళ్లే మనిషెవరో అక్కడే తేల్చుకోండి.

శాలువాలు వద్దని మీ హెచ్‌ఓడీగారికి చెప్పడం నీకు కష్టమే, నాకు తెలుసు. ‘సార్, సన్మానం చివర్లో పెట్టుకుందాం’ అను. చివరికొచ్చేసరికి అదే చిన్నదైపోతుంది.

మొదటిసారి పన్నెండుమందే రావచ్చు. వాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు నీ చేత్తో రాసుకో. రెండోసారి కబురు ముందు వాళ్లకే వెళ్లాలి. తేదీ ఖాయమయ్యాక నాకూ ఒక ముక్క రాయి. వస్తాను, వెనక వరుసలో కూర్చుంటాను.