వాడేసిన అణు ఇంధనాన్ని తీసుకెళ్లాల్సింది కంపెనీయా, ప్రభుత్వమా?

అమెరికాలో మూతపడ్డ అణు విద్యుత్ ప్లాంట్లలో మిగిలిపోయిన ఇంధనం బాధ్యత ఎవరిదని అడిగారు. ప్రభుత్వానిదే, ఇందులో రెండో మాట లేదు. శాన్ డియాగోలో ఉంటాం కాబట్టి మాకిది రోజూ దారిలో కనిపించే సంగతే.

మా అత్తామామలు మొదటిసారి వచ్చినప్పుడు మాలిబు గుడికి బయల్దేరాం. ఐ-5 మీద శాన్ ఓనోఫ్రే దగ్గర ఎప్పట్లాగే కార్లన్నీ ఆగిపోయాయి (ఇన్నిన్ని పన్నులు కడుతూ శనివారం పూట కూడా ఈ ట్రాఫిక్ ఏం కర్మో). సముద్రం ఒడ్డున రెండు పెద్ద గుమ్మటాలు చూసి మామయ్యగారు అవేంటన్నారు. అణు కరెంటు ప్లాంటండీ, 2012లో స్టీమ్ జనరేటర్ ట్యూబు లీకై ఆగింది, 2013లో శాశ్వతంగా మూసేస్తున్నామని చెప్పేశారు అన్నాను. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్లో చేసి రిటైరైన మనిషి. వెంటనే "మరి బూడిద ఎక్కడ పోశారు బాబూ?" అన్నారు.

అక్కడే ఉందన్నాను. 123 స్టీలు డబ్బాల్లో, కాంక్రీటు లోపల, అలలకి సుమారు నూరడుగుల దూరంలో. ఎవరు తీసుకెళ్లాలి అంటే ప్రభుత్వం, 1998 జనవరి 31 నుంచే మొదలుపెట్టాలి అని చెప్పా. "డబ్బు కట్టించుకున్నారా?" అన్నారు.

అసలు విషయం అదీ. వాడేసిన ఇంధనాన్ని ప్రభుత్వమే తీసుకెళ్లాలన్న 1982 చట్టం ప్రకారం కంపెనీలు యూనిట్ కరెంటుకి సెంటులో పదో వంతు చొప్పున కట్టాయి, అంటే బిల్లుల్లో జనమే కట్టారు. ఆ ఇంధనాన్ని పాతిపెట్టే చోటు కోసం 1987లో ఇక నెవాడాలోని యక్కా పర్వతం ఒక్కటే చూడమన్నారు. ఒక్క అణు ప్లాంటు కూడా లేని నెవాడా ఎందుకు ఒప్పుకుంటుంది? 2010లో ఆ పనే ఆపేశారు. కంపెనీలు కోర్టుకెళ్లి గెలిచాయి, ఇప్పటికే 10 బిలియన్ డాలర్లకు పైగా నష్టపరిహారం ఖజానా నుంచి పోయింది. ఫీజు వసూలు కూడా కోర్టు చెప్తేనే 2014లో ఆగింది. 40 బిలియన్లు దాటిన ఆ ఫండ్ లెక్కల్లో అలాగే ఉంది. చెత్త పన్ను వసూలు చేసి బండి పంపకపోవడం ఒక ఎత్తు, పంపనందుకు జరిమానా కూడా మన పన్నుల్లోంచే కట్టడం ఇంకో ఎత్తు!

మా వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడు చూసినా కంపెనీనే తిడతారు. ఫిన్లాండ్‌లో ఇంధనం పాతిపెట్టడానికి కంపెనీలే సొరంగం తవ్వుకున్నాయి కదా అని ఒకాయన. నిజమే, కానీ అక్కడి ప్రభుత్వం 'మేం పట్టుకెళ్తాం' అని సంతకం పెట్టి డబ్బు తీసుకోలేదు. ఇక్కడ పెట్టింది.

మామయ్యగారు మాలిబు చేరేదాకా కొవ్వాడ గురించే మాట్లాడారు. అక్కడ 6 వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు పెడతామంటున్నారుగా. శ్రీకాకుళం వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, భూమికి ఎంతిస్తారని అడిగే నోటితోనే వాడేసిన ఇంధనం ఏ తేదీకి తీసుకెళ్తారో, తీసుకెళ్లకపోతే ఎవరి జేబులోంచి కడతారో కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి.