బండి మాట: వెనక కుంగితే షాకులు మార్చాలా?

ప్రశ్న: మాది 2007 ఇండిగో మెరీనా, డీజిల్. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. నేను రిటైరైన టీచర్ని. నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్తాం. సంక్రాంతికి పొలం నుంచి బియ్యం బస్తాలు తెచ్చుకుంటాం. పిల్లలొస్తే ఐదుగురం, డిక్కీ నిండా సామాను. ఏడాదిగా బండి వెనక కుంగినట్టుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడుసార్లు ఊగుతోంది. కుడివైపు వెనక షాక్ అబ్జర్బర్‌కి నూనె తడి కనిపిస్తోంది. మా ఊరి మెకానిక్ నాలుగూ మార్చాలన్నాడు. ‘హెవీ డ్యూటీవి వేస్తే వెనక లేస్తుంది’ అంటున్నాడు. ఆటోనగర్‌లో అడిగితే పేరున్న కంపెనీవి నాలుగూ కలిపి ఎనిమిదిన్నర వేలు అన్నారు. పేరెప్పుడూ విననివి నాలుగున్నర వేలకే ఇస్తామన్నారు. ఇంకొకాయన పాతవే విప్పి నూనె పోసి ఒక్కోటి ఆరొందలకు చేసిస్తానన్నాడు. అన్నీ కలిపి పదివేలు దాటకూడదు. 2022లో ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మెరీనా అన్న పేరు మీ ఉత్తరంలో చూసి సంతోషమేసింది. వెనక డిక్కీ పొడుగ్గా, పైకప్పు ఎత్తు దాకా ఉండే ఈ ఎస్టేట్ రకం బళ్లు మనవాళ్లకు ఎందుకో రుచించలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి వచ్చాయి. అన్నింటినీ ‘అంబులెన్స్‌లా ఉందండీ’ అని పక్కన పెట్టేశారు. 2004లో వచ్చిన మీ మెరీనాదీ అదే గతి. బస్తాలేసుకుని, పిల్లల్నెక్కించుకుని ఊరెళ్లేవాడికి ఇంతకంటే ఏం కావాలో నాకిప్పటికీ తెలియదు.

సరే, విషయానికొస్తాను. మీ మెకానిక్ మాటల్లో ఒకటి తప్పు. షాక్ అబ్జర్బర్ బండి బరువు మోయదు. మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డ స్ప్రింగు నొక్కుకుని, తిరిగి లేచి, మళ్లీ నొక్కుకుంటూ ఊగుతుంది. ఆ ఊపును ఆపడమే షాకు పని. లోపల నూనె ఉంటుంది, సన్నని కంతలున్న వాల్వు ఉంటుంది. రాడ్ కదిలినప్పుడల్లా ఆ కంతల్లోంచి నూనె బలవంతంగా దూరాలి. ఊపులో ఉన్న శక్తంతా అక్కడ వేడిగా మారి పోతుంది. కాబట్టి మీ బండి ఊగుతోందంటే షాకుల తప్పు. కుంగిందంటే స్ప్రింగుల తప్పు. మీకు రెండు జబ్బులూ ఉన్నాయి, మెకానిక్ ఒక మందే రాశాడు. గ్యాస్ షాకు వేస్తే లోపలి నైట్రోజన్ ఒత్తిడికి బండి రవ్వంత లేస్తుందన్న మాట నిజమే. దానికి ఎత్తు తేడా వేలి మందం కూడా ఉండదు. అరిగి కుంగిన స్ప్రింగుకు అదేం ఆసరా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఓ ఆదివారం పొద్దున్నే ఈ పని చేయండి. డిక్కీ ఖాళీ చేసి, పెట్రోల్ బంకులాంటి సమతలం మీద బండి నిలపండి. చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. నాలుగు చక్రాలకూ కొలిచి చీటీ మీద రాసుకోండి. వెనక కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువుంటే, తక్కువున్న వైపు స్ప్రింగు విరిగి ఉండొచ్చు. స్ప్రింగు ఎక్కువగా అడుగు చుట్టు దగ్గరే విరుగుతుంది. అది స్ప్రింగు కూర్చునే పళ్లెంలో దాక్కుని ఉంటుంది కాబట్టి వంగి చూసినా కనపడదు, వేలు పెట్టి తడమాలి.

తర్వాత టైర్లు. అరచేత్తో టైరు మీద చుట్టూ నిమరండి. దోసె పెనం మీద చెయ్యి పెట్టినట్టు నున్నగా ఉంటే ఫర్వాలేదు. గుంత, మిట్ట, గుంత, మిట్టగా తగిలితే షాకు చాలాకాలంగా పనిచెయ్యడం లేదని అర్థం. చక్రం రోడ్డును వదిలి ఎగురుతూ పోతోంది. ఇలాంటి బండికి బ్రేకు కూడా ఆలస్యంగానే పడుతుంది, టైరు నేలను తాకి ఉంటేనే కదా బ్రేకు పట్టేది.

బానెట్ మూల నొక్కి వదిలి చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. నాకు దాని మీద సగం నమ్మకమే. షాకు పూర్తిగా చచ్చిపోయి ఉంటే అది పట్టిస్తుంది, సగం చచ్చిన షాకును పట్టించదు. నూనె తడి సంగతి ఇంకోటి. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు రోజులు తిరిగి, మళ్లీ చూడండి. మసకగా పొరలా వస్తే కంగారు లేదు. చారికలు కట్టి కిందికి జారుతుంటే సీలు పోయినట్టే.

ఇప్పుడు కొనే సంగతి. మీ బండికి ముందూ వెనకా నాలుగూ స్ట్రట్టులే. అంటే స్ప్రింగు షాకును చుట్టుకుని దాని మీదే కూర్చుని ఉంటుంది. షాకు మార్చాలంటే స్ప్రింగు విప్పక తప్పదు. స్ప్రింగు కూడా అదే రోజు మారిస్తే దానికి వేరే లేబరు అక్కర్లేదు. వచ్చే ఏడాది మార్చుకుందామంటే మాత్రం అదే లేబరు రెండోసారి ఇచ్చుకోవాలి. అందుకే నాలుగు షాకులు కాకుండా, వెనక రెండు షాకులు, వెనక రెండు స్ప్రింగులు, వాటిని పైన బాడీకి బిగించే మౌంటింగులు, షాకు అడుగంటా నొక్కుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బర్లు, దుమ్ము కవర్లు తీసుకోండి. ముందువి మీరు చూసిన పరీక్షల్లో బాగుంటే వచ్చే ఏడు చూద్దాం. ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చాలి, ఎడమది బాగుందని కుడిది ఒక్కటే మార్చొద్దు. చెడ్డదాని పనంతా మంచిదే మోస్తుంది, మలుపులో బండి ఒక వైపు ఒకలా, రెండో వైపు ఇంకోలా ఒరుగుతుంది.

పేరున్న కంపెనీవే తీసుకోండి. గేబ్రియల్ మన దేశంలో 1961 నుంచి ఉన్న కంపెనీ, బళ్లు తయారుచేసేవాళ్లకు కూడా సరఫరా చేస్తుంది. మన్రో, కేవైబీ కూడా ఎరిగిన పేర్లే. ఏదైనా మీ బండి చాసిస్ నంబరు చెప్పి, పాత షాకు మీదున్న నంబరు చూపించి, కేటలాగులో సరిపోల్చుకుని మరీ కొనండి. ‘ఇండికాది పట్టేస్తుంది సార్’ అంటే నమస్కారం పెట్టి బయటికొచ్చేయండి. ఇండికా వెనక సస్పెన్షన్ అమరికే వేరు.

మీ బండి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కదా. కాబట్టి అసలైన సరుకే అయినా అల్మారాలో ఏళ్ల తరబడి పడి ఉన్నది రావొచ్చు. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. సీళ్లు రబ్బరువి, అవి కూడా వయసుకు గట్టిపడతాయి. డబ్బా విప్పి రాడ్‌ను చేత్తో లోపలికి తోయండి. అడ్డు లేకుండా, కుదుపులు లేకుండా ఒకే బిగువుతో పోవాలి. పైకి లాగినప్పుడు తోసినప్పటి కంటే గట్టిగా ఉండాలి. గ్యాసుదైతే వదలగానే దానంతటదే నెమ్మదిగా పైకొస్తుంది. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు లేకుండా కొనొద్దు. నాలుగున్నర వేల డబ్బాల మీద నాకు ద్వేషమేం లేదు గానీ, అవి త్వరగా పోతే అందులో సగం ధర మళ్లీ లేబరుకే పోతుంది.

ఆరొందల రిపేరు వద్దు. స్కూటర్లకు, ఆటోలకు ఆ పని చేసేవాళ్లున్నారు, వాళ్ల చేతి నైపుణ్యాన్ని తక్కువ చెయ్యను. కానీ కారు స్ట్రట్టు మూసేసిన గొట్టం. దాన్ని కోసి, నూనె పోసి, వెల్డింగ్ చేస్తారు. లోపలి వాల్వు అరిగిందే ఉంటుంది, రాడ్ మీద గీత అలాగే ఉంటుంది. సీలు కొత్తదైనా ఆ గీత దాన్ని మళ్లీ కోసేస్తుంది.

‘హెవీ డ్యూటీ’ కూడా వద్దు, బండి గట్టిగా కుదుపుతుంది. ఏడాదికి నాలుగైదు రోజులు బస్తాలు మోయడానికి మిగిలిన మూడొందల అరవై రోజులు నడుం నొప్పి ఎందుకు తెచ్చుకోవడం?

బిగింపు విషయంలో మీరు పక్కనే నిలబడండి మాస్టారూ, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు. స్ప్రింగు విప్పడానికి కంప్రెసర్ అనే పనిముట్టు ఉండాలి. తాడుతోనో, బైండింగ్ వైరుతోనో కట్టి విప్పబోతే ఆపేయండి. ఆటోనగర్‌లో నా పాత షెడ్డు రేకుకు ఇప్పటికీ ఒక సొట్ట ఉంది. 1994లో ఒక కుర్రాడు తాడు కట్టి నట్టు తిప్పాడు, స్ప్రింగు లేచి రేకును తన్నింది. వాడు అప్పుడే టీ గ్లాసు అందుకోవడానికి పక్కకు తిరిగాడు కాబట్టి ఇవాళ మనవణ్ణి ఎత్తుకుంటున్నాడు.

ఇంకో తప్పు నేను చేసిందే. పని నేర్చుకునే రోజుల్లో ఒక డాక్టరుగారి మారుతికి కొత్త స్ట్రట్టులు వేస్తూ, పై నట్టు తిరిగిపోతోందని మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకున్నాను. మూడు నెలలకు నూనె కారింది. గురువుగారు ఆ గీతను నా గోటితో తడిమించి, నష్టం నా కూలిలో కోశారు. మీ మెకానిక్ ప్లయర్ తీస్తే చెయ్యి పట్టుకోండి. కొత్త షాకును బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి తోయించండి. పడుకోబెట్టి ఉంచిన షాకులో గాలి చేరి ఉంటుంది, అది పోవాలి. చక్రాన్ని బాడీకి కలిపే, రబ్బరు బుష్‌లున్న లింకుల బోల్టులు వదులు చేసి ఉంటే, చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. అదంతా అయ్యాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్.

మీరు చెప్పిన ధరలో వెనక జత సగానికి వస్తుంది. మిగిలిన దాంట్లో స్ప్రింగులు, రబ్బర్లు, లేబరు సర్దుకోవచ్చు. 2027లో బండిని మళ్లీ ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లేలోపు ముందు జత కూడా చేయించుకోండి.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. 2004 వోల్వో వీ70 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఈసారి ఎంఓటీలో, అంటే ఇక్కడ ఏటా బండికి చేసే తప్పనిసరి పరీక్షలో, వెనక ఎడమ షాకు మీద పలచటి నూనె పొర ఉందని అడ్వైజరీ (హెచ్చరిక) రాశారు. మామూలు షాకులు చవకగా దొరుకుతున్నాయి. కానీ గ్యారేజీ అతను మా బండికి ‘నివోమాట్’ ఉంది, అవి చాలా ఖరీదు అన్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. నేను ఆరేళ్లు గల్ఫ్‌లో పనిచేసినప్పుడు ఈ బళ్లు చాలా విప్పాను. నివోమాట్ జర్మనీ వాళ్ల సాక్స్ కంపెనీ తయారు చేసిన షాకు. మామూలు దానికంటే లావుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. వెనక బరువు పెడితే బండి మొదట కుంగుతుంది, తర్వాత రోడ్డు మీద కుదుపులే లోపలి పంపును ఆడించి కిలోమీటరు, రెండు కిలోమీటర్లలో బండిని తిరిగి పైకి లేపుతాయి. మోటారు లేదు, వైరు లేదు. తెలివైన వస్తువు.

మాస్టారికి చెప్పిన సూత్రం ఇక్కడ కాస్త తిరగబడుతుంది. ఈ షాకు కొంత బరువు తానే మోస్తుంది. అందుకే దాని పక్కన కంపెనీ వాళ్లు మెత్తటి స్ప్రింగు వేస్తారు. ఆ మెత్తటి స్ప్రింగును అలాగే ఉంచి మామూలు షాకు తగిలిస్తే బండి కుదేలైపోతుంది. చవకగా పోవాలంటే మామూలు షాకులతో పాటు మామూలు వీ70 స్ప్రింగులు కూడా వేయాలి. రెండూ కలిపినా నివోమాట్ కంటే తక్కువే అవుతుంది. కొనేటప్పుడు వెబ్‌సైట్‌లో మీ బండి నంబరు కొట్టి వెతికితే రెండు రకాలూ చూపిస్తుంది, చాసిస్ నంబరుతో సరిచూసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు ఓ మాట చెప్పండి.

అయితే అసలు మార్చాల్సిన అవసరం వచ్చిందా? పలచటి పొరకు అడ్వైజరీ ఇస్తారు గానీ ఫెయిల్ చెయ్యరు. బాగా కారుతుంటేనో, షాకు ఊపును ఏ మాత్రం ఆపలేకపోతుంటేనో ఫెయిల్ చేస్తారు. మీ వారితో కలిసి డిక్కీలో నాలుగు బియ్యం సంచులు పెట్టి, కొలిచి, మూడు మైళ్లు తిరిగి, మళ్లీ కొలవండి. లేస్తే దాన్ని మరో ఏడాది వాడుకోండి.

ప్రశ్న: నా ఎర్టిగా వెనక కుంగుతోంది. స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు పెట్టుకోమంటున్నరు. షాకులు మార్చే ఖర్చు తప్పుతదా?
— ఒక టాక్సీ డ్రైవరు, కరీంనగర్

జవాబు: తప్పదు తమ్ముడూ. అవి స్ప్రింగును గట్టిపరుస్తాయి. అంటే బండి అంతే బలంగా తిరిగి పైకి తన్నుతుంది, ఆ తన్నును ఆపాల్సింది మళ్లీ నీ పాత షాకే. దాని పని ఇంకా పెరుగుతుంది. షాకులు బాగుండి, రోజూ ఏడుగురితో తిరిగేవాడైతే వేరే సంగతి.

ప్రశ్న: మా 2006 ఆక్టేవియా కాంబికి పోయిన వారం నాలుగు కొత్త షాకులు వేయించాను. బండి రాయిలా గట్టిగా ఉంది. మోసపోయానా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాతవి చచ్చిపోయి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి. ఉయ్యాలకు అలవాటుపడిన ఒంటికి కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది. ఐదొందల కిలోమీటర్లు తిరగండి. కానీ ముందు టైర్లలో గాలి చూడండి. అలైన్‌మెంట్ చేసే చోట కుర్రాళ్లు ఏ బండికైనా ఒకే లెక్కన కొట్టి పంపడం నేను చాలాసార్లు చూశాను. మీ బండికి ఎంత ఉండాలో పెట్రోల్ మూత లోపలి చీటీ మీద ఉంటుంది. అదీ సరిగ్గా ఉండి ఇంకా అలాగే అనిపిస్తే, వేసిన షాకుల నంబర్లు రాసి పంపండి.