నిమిషానికి 600 సెంటీగ్రే అంటే భయపడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మ వయసు 58. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 25 సిట్టింగుల రేడియేషన్, ఒక్కోసారి 200 సెంటీగ్రే చొప్పున రాశారు. మొదటి ఐదు సిట్టింగులు ఒక ఆసుపత్రిలో కోబాల్ట్ యంత్రం మీద అయ్యాయి. అక్కడి కాగితంలో నిమిషానికి 120 సెంటీగ్రే అని ఉంది. తరువాత మారిన ఆసుపత్రిలో లీనాక్ (విద్యుత్తుతో కిరణాలు పుట్టించే యంత్రం) మీద నిమిషానికి 600 అంటున్నారు. చాలా ఏళ్ల క్రితం ఇదే జబ్బుకు మా పెద్దమ్మకు లోపల కరెంటు (రేడియేషన్) పెట్టినప్పటి కాగితంలో గంటకు 60 రాడ్ అని ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న మీటరు మా ఇంట్లో గంటకు 0.2 మైక్రోసీవర్ట్ చూపిస్తోంది. లెక్క వేస్తే అమ్మకు అందుతున్నది దానికి 180 కోట్ల రెట్లు వచ్చింది. భయం వేసి రెండు రోజులుగా సిట్టింగుకు తీసుకువెళ్లలేదు. మూడేళ్ల పాపను కూడా అమ్మ దగ్గరకు పోనివ్వడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: రేపు ఉదయమే అమ్మగారిని సిట్టింగుకు తీసుకువెళ్లండి. రెండు రోజులు తప్పిన సంగతి అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. వాటిని ఎలా సర్దాలో వారు నిర్ణయిస్తారు. పాపను మాత్రం ఈ రోజే నాన్నమ్మ ఒడిలో కూర్చోనివ్వండి. బయటి నుంచి కిరణాలు ఇచ్చే యంత్రం ఆగిన క్షణంలోనే చికిత్స ఆగిపోతుంది. అమ్మగారి ఒంట్లో గానీ, బట్టల్లో గానీ రేడియేషన్ మిగలదు. జబ్బుతో ఉన్న మనిషికి మనవరాలిని దూరం చేయడం ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం.

ఇక లెక్కలు. ఒక కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే దానిని ఒక గ్రే అంటాం. గ్రేలో నూరో వంతు సెంటీగ్రే. పాత కొలత అయిన రాడ్ కూడా సరిగ్గా అంతే. 200 సెంటీగ్రే అన్నా, 2 గ్రే అన్నా, 200 రాడ్ అన్నా ఒకటే మోతాదు. మీ అమ్మగారి 25 సిట్టింగులకు మొత్తం 50 గ్రే.

'నిమిషానికి' అన్న మాట చేరగానే అది మోతాదు కాదు, మోతాదు అందే వేగం. నిమిషానికి 120 సెంటీగ్రే ఇచ్చే యంత్రం మీద 200 సెంటీగ్రే అందడానికి 100 సెకన్లు పడుతుంది. 600 ఇచ్చే యంత్రం మీద 20 సెకన్లు చాలు. కణితి దాకా చేరే లోతునూ, కిరణాలు వచ్చే దిశలనూ బట్టి అసలు సమయం కొంత మారుతుంది గానీ, అందేది రెండుచోట్లా అదే 2 గ్రే. కోబాల్ట్ యంత్రంలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. కోబాల్ట్-60 తీవ్రత సుమారు 5 ఏళ్ల 3 నెలలకు సగమవుతుంది, అంటే నెలకు దాదాపు 1 శాతం తగ్గుతూ వస్తుంది. అందుకే మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు ఎప్పటికప్పుడు లెక్క సవరించి సమయం పెంచుతారు. రోగికి అందేది మారదు.

మీ 180 కోట్ల లెక్కలో గుణకారం తప్పు కాదు. నిమిషానికి 6 గ్రే అంటే గంటకు 360 గ్రే, అంటే 36 కోట్ల మైక్రోగ్రే. దానిని 0.2తో భాగిస్తే మీ అంకె వస్తుంది. కానీ అమ్మగారు ఆ కిరణాల కింద గంటసేపు ఉండరు, అవి ఒళ్లంతా పడవు. 4, 5 గ్రే ఒకేసారి ఒళ్లంతా పడితే ప్రాణాపాయం. అదే 50 గ్రేను 25 భాగాలు చేసి కటి భాగానికే పరిమితం చేస్తే, ఒక సిట్టింగుకూ మరో సిట్టింగుకూ మధ్య ఆరోగ్యకరమైన కణాలు కోలుకుంటాయి. క్యాన్సర్ కణాలు అంత బాగా కోలుకోలేవు. ఈ చికిత్స నిలబడింది దానిమీదే.

సీవర్ట్ వేరే పనికి పుట్టిన కొలత. ఒంటికి కలగగల ముప్పును అంచనా వేయడానికి వాడతారు. గామా కిరణాలు ఒళ్లంతా సమానంగా పడినప్పుడు గ్రే అంకె, సీవర్ట్ అంకె దాదాపు ఒకటిగానే ఉంటాయి. శరీరంలో ఒక్కచోట ఇచ్చే చికిత్సకు ఆ పోలిక పెట్టకూడదు. మీ మీటరు గంటకు చూపే మైక్రోసీవర్ట్‌ను 8.76తో గుణిస్తే ఏడాదికి మిల్లీసీవర్ట్ వస్తుంది. 0.2కు అది సుమారు 1.75. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి అని ఎక్కడైనా చదివి కంగారుపడకండి. ఆ పరిమితిలో ప్రకృతి నుంచి వచ్చేది గానీ, వైద్యం కోసం తీసుకునేది గానీ కలపరు. భీమిలి తీరపు ఇసుకలో రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది కాబట్టి అక్కడ మీ మీటరు మరికొంత ఎక్కువ చూపినా ఆశ్చర్యం లేదు.

పెద్దమ్మగారి గంటకు 60 రాడ్ అంటే నిమిషానికి ఒక సెంటీగ్రే. అది అప్పటి నెమ్మది పద్ధతి, రోగి ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకోవలసి వచ్చేది. ఇప్పుడు లోపల పెట్టే చికిత్స నిమిషాల్లో ముగుస్తుంది. వేగానికి నిజంగా విలువ ఉన్నది ఇక్కడే. నెమ్మదిగా ఇస్తే కణాలు ఆ వ్యవధిలోనే కొంత మరమ్మతు చేసుకుంటాయి. అందుకే వేగంగా ఇచ్చేటప్పుడు మొత్తం మోతాదు తగ్గించి, దానిని కొన్ని విడతలుగా పంచుతారు. పాత కాగితంలోని మొత్తాన్ని కొత్తదానితో నేరుగా పోల్చవద్దు.

బయటి చికిత్స, లోపలి చికిత్స కలిపి 8 వారాలలోపు పూర్తికావాలి. ఆలస్యమైతే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం ఈ దశలో మామూలే, మందులతో తగ్గుతాయి. రక్తస్రావం పెరిగినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. రేపు వెళ్లినప్పుడు ఫిజిసిస్టును రెండే అడగండి: ఇప్పటివరకు మొత్తం ఎన్ని గ్రే అందింది, ఇంకా ఎన్ని మిగిలాయి?