బోర్డు మీద ప్రూఫ్ రాసే సారు మేలా, మనచేత రాయించే సారు మేలా?

పీజీ గణితంలో సార్ డెఫినిషన్, థీరమ్, ప్రూఫ్ అంటూ బోర్డు నింపుకుంటూ పోతే నయమా, మనచేతే చేయిస్తే నయమా అని అడిగారు. రెండు రకాల క్లాసుల్లోనూ కూర్చున్నాను. ప్రూఫ్ ఎక్కణ్ణుంచి పుట్టిందో చూపిస్తే ఏ పద్ధతైనా నాకు ఎక్కింది, చూపించకపోతే ఏదీ ఎక్కలేదు.

రియల్ ఎనాలిసిస్ (లిమిట్లు, కంటిన్యుటీ లాంటివాటిని కచ్చితంగా నిరూపించే సబ్జెక్టు) మొదటిసారి చెప్పిన సార్ స్లైడ్లు వేసేవారు. వాటిలో తప్పు ఒక్కటీ ఉండేది కాదు. కానీ మొదటి లైనులోనే "ఎప్సిలాన్ బై 3 తీసుకుందాం" అని ఉండేది. ఎప్సిలాన్ అంటే తేడా ఇంతకన్నా తక్కువుండాలని ముందే పెట్టుకునే చిన్న సంఖ్య. ఆ 3 ఎక్కడిదని అడిగితే "చివర్లో తెలుస్తుంది" అనేవారు. చివర్లో మూడు ముక్కలూ కలిసి ఎప్సిలాన్ అయ్యేవి, క్లాసు అయిపోయేది. బట్టీ పట్టి పరీక్ష రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి, అదే విచిత్రం.

మరుసటి ఏడాది అదే పాఠం ఒక మేడమ్ దగ్గర మళ్లీ వచ్చింది. ఆవిడదీ లెక్చరే, చేతిలో సుద్దముక్క వదిలేవారు కాదు. కాకపోతే ముందు ఒక తప్పుడు ప్రూఫ్ రాశారు. కంటిన్యువస్ ఫంక్షన్ల (గ్రాఫు ఎక్కడా తెగనివి) సిరీస్ కన్వర్జ్ అయితే, అంటే పదాలు కలుపుతూ పోతే ఒక విలువకి చేరుకుంటే, దాని మొత్తం కూడా కంటిన్యువసే అని 1821లో ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ రాశాడు. చదివితే ఎక్కడా లోపం కనపడదు. పక్కనే 1826లో నార్వే గణితజ్ఞుడు ఆబెల్ ఇచ్చిన ఉదాహరణ వేశారు: సైన్ ఎక్స్, మైనస్ సైన్ 2ఎక్స్ బై 2, ప్లస్ సైన్ 3ఎక్స్ బై 3, అలా సాగుతుంది. ఎక్స్ సరిగ్గా 180 డిగ్రీలైతే ప్రతి పదమూ సున్నా, మొత్తం సున్నా. దానికి రవ్వంత ఇవతల మాత్రం మొత్తం సుమారు 1.57, అంటే అక్కడ గ్రాఫు తెగిపోయింది. "మరి ఇందులో ఏ లైను అబద్ధం?" అని అడిగి కుర్చీలో కూర్చున్నారు.

చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "ఎన్ని పదాలు కలపాలన్నది ఎక్స్‌ని బట్టి మారిపోతోంది కదా మేడమ్" అంది. యూనిఫామ్ కన్వర్జెన్స్ (అన్ని ఎక్స్‌లకీ ఒకే పదాల సంఖ్య సరిపోవడం) డెఫినిషన్ ఆ తర్వాతే బోర్డు మీదకి వచ్చింది. 3 సంగతీ అప్పుడే తేలింది: ఫంక్షన్ నుంచి పార్షియల్ సమ్‌కి (మొదటి కొన్ని పదాల మొత్తానికి) ఒక దూరం, పక్క బిందువుకి జరగడానికి ఇంకోటి, తిరిగి ఫంక్షన్‌కి రావడానికి మరోటి. ఆ రఫ్ వర్క్‌ని ఆవిడ క్లాసు అయ్యేదాకా చెరపలేదు.

ఇక మనచేత చేయించే పద్ధతి. టెక్సస్ యూనివర్సిటీలో టోపాలజీ (ఆకారాన్ని సాగదీసినా మారని గుణాల గణితం) చెప్పిన ఆర్.ఎల్. మూర్ పేరుతో దీన్ని మూర్ మెథడ్ అంటారు. ఆయన క్లాసులో పుస్తకం చూడకూడదు, థీరమ్‌లు ఎవరికి వారే నిరూపించి బోర్డు దగ్గర చెప్పాలి. మాకు దాన్ని కాస్త మెత్తబరిచి పెట్టారు. హౌస్‌డార్ఫ్ స్పేస్‌లో కంపాక్ట్ సెట్ క్లోజ్డ్ అనే టోపాలజీ థీరమ్‌ని నేనే తంటాలు పడి నిరూపించాను, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ సిలబస్ సగం కూడా అవలేదు, మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనని నాకు ముందురోజు నుంచే టెన్షన్.

కోర్సు ఎంచుకునే వీలుంటే రెండు క్లాసులు ఊరికే వెళ్లి కూర్చోండి. ఒక థీరమ్ పూర్తయ్యాక "ఈ కండిషన్ తీసేస్తే ఏమవుతుంది సార్?" అని అడగండి. ఆయన అక్కడే ఉదాహరణ వెతకడం మొదలుపెడితే చేరిపోండి. డెఫినిషన్నే మళ్లీ చదివి వినిపిస్తే నేనైతే వేరే సెక్షన్ చూసుకుంటాను.